శ్వాసనాళపు గాయం మీద కణాల నడక

వృద్ధి కారకాలు అనగానే కణాలను విభజింపజేసి పెంచేవి అని మనకు తోస్తుంది. ఆ పేరు చెప్పేది సగం నిజమే. శ్వాసనాళం లోపలి పొర గీసుకుపోయినప్పుడు అవి కణాలను ముందు నడిపిస్తాయి, పెంచడం తర్వాత.

ఆ పొరలో శైలికలున్న కణాలు, శ్లేష్మం స్రవించే గోబ్లెట్ కణాలు, అడుగున బేసల్ కణాలు ఉంటాయి. బేసల్ కణాలు కింది ఆధారత్వచాన్ని ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్లతో పట్టుకుంటాయి. ఇరుగుపొరుగు కణాలను కాడ్‌హెరిన్లతో. వైరస్ వల్లనో, ఘాటైన పొగ వల్లనో కొన్ని కణాలు రాలిపోతే, అంచున మిగిలినవి చదునుగా సాగి కొద్ది గంటల్లోనే ఖాళీలోకి పాకుతాయి. విభజన సుమారు ఒక రోజు తర్వాతి మాట. ప్రయోగశాలలో పెంచిన కణాల పొర మీద గీత గీసి, మైటోమైసిన్-సి తో విభజన ఆపేసినా ఆ గీత పూడుకోవడం చూడవచ్చు.

పాకడమెలా? తాటిచెట్టెక్కే గీత కార్మికుణ్ణి చూడండి. మోకు బిగించే ఉంచితే ఉన్నచోటే ఉంటాడు, వదిలేస్తే పడతాడు. కణమూ అంతే. ముందు కొత్త పట్టు దొరకాలి, వెనక పాత పట్టు సడలాలి.

స్టాన్లీ కోహెన్ చిట్టెలుకల లాలాజల గ్రంథుల నుంచి ఇ.జి.ఎఫ్. ను వేరుచేశాడు. దాన్ని ఎక్కించిన ఎలుకపిల్లలు గడువుకు ముందే కళ్ళు తెరిచాయి! 1986లో రీటా లెవీ మోంటాల్చినితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఈ ఇ.జి.ఎఫ్. పాత పట్లు సడలించి కణం ముందుకు సాగేలా చేస్తుంది. టి.జి.ఎఫ్.-బీటా విభజనను అణచుతూనే, ఫైబ్రోనెక్టిన్ అనే పట్టుకొమ్మనూ, దాన్ని అందుకునే ఇంటెగ్రిన్లనూ పెంచుతుంది. ఒకటి వదిలిస్తుంది, ఒకటి పట్టిస్తుంది అన్నమాట. కణంలో ఈ రెండు పనులూ ఇంత తేలిగ్గా విడదీయలేమనుకోండి.

గాయమైందని కణానికెవరు చెబుతారు? 2003లో అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపినది ఈ విషయమంతటిలోకీ నాకు ముచ్చటైనది. హెరెగ్యులిన్ అనే కారకం పొర పైనున్న ద్రవంలో ఉంటుంది. దాని గ్రాహకాలు కణాల పక్కల, అడుగున. మధ్యన కణాల నడుమ బిగువైన అతుకులు అడ్డు. పొర చిరిగిందా, రెండూ కలుసుకుంటాయి. వేరే కబురు అక్కర్లేదు.

ఉబ్బసంలో ఈ మరమ్మతు ముగియదు. పొర మళ్ళీ మళ్ళీ దెబ్బతింటుంది, ఇ.జి.ఎఫ్. గ్రాహకాలు ఎక్కువగా కనిపిస్తాయి, టి.జి.ఎఫ్.-బీటా పొర కింద కొల్లాజెన్ పేర్చి నాళపు గోడను మందం చేస్తుంది. పోనీ, ఇ.జి.ఎఫ్. నే మందుగా ఇస్తే? ఆ సంకేతమే గోబ్లెట్ కణాల చేత శ్లేష్మాన్నీ ఎక్కువ చేయిస్తుంది; అసలే ఇరుకైన నాళానికి అదొక అడ్డు.