వ్యవసాయ ప్రదర్శన ఏర్పాటు: యుద్ధకాలము నేర్పిన పాఠములు



రైతు వేదికలోనో, పాఠశాల ఆవరణలోనో, జాతరలోనో వ్యవసాయ ప్రదర్శన పెట్టునపుడు పటములు, కరపత్రములు, సీసాలలో విత్తనములు బల్లలపై పేర్చి ఊరుకొనుట పరిపాటి. వచ్చినవారు ఒకసారి చుట్టి చూచి వెళ్ళిపోదురు. మరునాడు పొలములో ఏమి చేయవలెనో వారికి తెలియదు. ఈ లోపమును సరిదిద్దుకొనుటకు రెండవ ప్రపంచయుద్ధ కాలమును, దాని తరువాతి సంవత్సరములను పరిశీలించుట మేలు. తిండి కొరత తీవ్రముగా నున్న ఆ దినములలో ప్రదర్శన అనునది వేడుక కాదు, అవసరము.

లండనులో జరిగిన పని

1939లో యుద్ధము రాగానే బ్రిటిషు ప్రభుత్వము సమాచార మంత్రిత్వ శాఖను నెలకొల్పినది. మిల్నర్ గ్రే, మిషా బ్లాక్ మొదలగు రూపశిల్పులు దానిలోని ప్రదర్శనల విభాగమున పనిచేసిరి. ప్రజలను తమ వద్దకు రమ్మనుటకు బదులు, ప్రజలు తిరుగు చోటికే వారు ప్రదర్శనను తీసికొనిపోయిరి. చేరింగ్ క్రాస్ భూగర్భ రైలు స్టేషనులో పనికి పోవువారు దారిలోనే వానిని చూచిరి. లండను జంతు ప్రదర్శనశాలలో పెరటి కూరగాయలు, కోళ్ళు, కుందేళ్ళు పెంచి రేషనుకు తోడు చేసికొను విధమును చూపిరి.

యుద్ధము ముగిసిన పిదప 1946లో అదే నగరమున పెద్ద పారిశ్రామిక ప్రదర్శన జరిగినది. సుమారు 14 లక్షల మంది చూచిరి. కాని అచ్చట పెట్టిన వస్తువులలో పెక్కు ఎగుమతికే గాని అంగడిలో దొరకవు. ‘ఇవి బ్రిటనుకు దక్కవు’ అని పత్రికలు ఎగతాళి చేసినవి. అందము ఎంత ఉన్నను, చూచినది చేతికి అందనిచో మిగులునది నిరాశయే.

మన దేశపు అనుభవము

మన దేశమున 1942–43లో అధికాహారోత్పత్తి ఉద్యమము ప్రారంభమైనది. 1943లో బెంగాలు కరవున లక్షల మంది మరణించిరి. స్వాతంత్ర్యము తరువాత ఈ ఉద్యమమును పరిశీలించుటకు వి. టి. కృష్ణమాచారి అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడి 1952లో నివేదిక ఇచ్చినది. పల్లె జీవితములోని అన్ని సమస్యలు ఒకదానితో నొకటి ముడిపడి యున్నవనియు, రైతు వద్దకు పోయి పనిచేయు విస్తరణ సిబ్బంది కావలెననియు ఆ సంఘము చెప్పినది. 1953లో జాతీయ విస్తరణ సేవ మొదలైనది. అనగా ప్రదర్శన మొదటి మెట్టు మాత్రమే. దాని వెనుక విత్తనము, ఎరువు, సలహా చెప్పు మనిషి ఉండవలెను.

నాంపల్లి నుమాయిష్

ఉస్మానియా పట్టభద్రుల పూనికతో 1938లో హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులో సుమారు 50 దుకాణములతో నుమాయిష్ ప్రారంభమైనది. స్థలము చాలక 1946లో నాంపల్లికి మారినది. నేడు సాధారణముగా జనవరి 1 నుండి నెలన్నర జరుగుచున్నది. మన్సూరాబాదు ఒకప్పుడు పల్లె, ఇప్పుడు నగరములో కలిసిపోయినది. అటువైపు నుండి వచ్చు రైతులు ఎల్.బి. నగర్‌లో మెట్రో ఎక్కిన నేరుగా నాంపల్లిలో దిగవచ్చును. ఈసారి పోయినపుడు విద్యార్థివలె గమనింపుడు: జనము ఎచట ఆగుచున్నారు? ఎచట చదువక దాటిపోవుచున్నారు? 2019 జనవరి 30న అచ్చట అగ్నిప్రమాదము జరిగి వందలాది దుకాణములు కాలిపోయినవి. కనుక దారుల వెడల్పు, నీరు, విద్యుత్తు తీగెలు కూడ ఏర్పాటులో భాగమే.

మీరు పాటింపదగిన నియమములు

1. ఒక ప్రదర్శనకు ఒక్కటే విషయము. ‘విత్తనము మొలక చూచి చల్లుడు’ అన్నది చాలును.

2. బొమ్మకన్న వస్తువు మేలు. 100 వరి గింజలు లెక్కించి తడి గోనెపట్టాలో చుట్టి ఉంచుడు. ఒకటి రెండు దినముల తేడాతో నాలుగైదు మూటలు కట్టినచో ప్రదర్శన నాటికి మొలక యొక్క అన్ని దశలు ఒకేచోట కనిపించును. ధ్రువీకృత వరి విత్తనములో నూటికి 80కి తక్కువ కాకుండ మొలకెత్తవలెను.

3. పోలిక చూపుడు. మంచి విత్తనము మొలకను, పుచ్చు విత్తనము మొలకను పక్కపక్కన పెట్టుడు.

4. పది అడుగుల దూరము నుండి చదువవలెనన్న అక్షరము అంగుళము ఎత్తైనను ఉండవలెను. పలక కంటి ఎత్తులో ఉండవలెను.

5. వచ్చు దారి, పోవు దారి వేరుగా నుంచుడు. చివర ప్రశ్నలకు జవాబు చెప్పు మనిషిని కూర్చుండబెట్టుడు.

6. మండలములో దొరకని విత్తనమును, మందును ప్రదర్శనలో పెట్టవలదు. దొరకు చోటు, ధర పలకపై వ్రాయుడు. ఒకసారి నమ్మి వచ్చి వట్టిచేతులతో పోయిన రైతు మరునాడు నిజము చెప్పినను వినడు.

అభ్యాసము

ప్రదర్శన ముగిసిన నెల తరువాత, చూచిన పదిమంది రైతుల ఇండ్లకు పోయి రెండు ప్రశ్నలు అడుగుడు: ఏమి చూచితిరి? దానిలో ఏమి చేసితిరి? రెండవ ప్రశ్నకు వచ్చిన జవాబులను లెక్కించి వ్రాసి ఉంచుడు. వచ్చే ఏటి ప్రదర్శనకు ఆ కాగితమే ఆధారము.