పది పూసల దండ



హాస్టల్ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు "అన్నా, బొంతపల్లి కంపెనీల్లో గోలీలే కదా చేసేది?" అని అడిగాడు. గోలీలు, ఇంజక్షన్లలో ఉండే అసలు మందు పదార్థం అక్కడ తయారవుతుందని చెప్పాను. అలాంటి పదార్థాల్లో పెప్టైడ్లు ఒక రకం. వాటి గురించి ఈ వ్యాసంలో వివరిస్తాను. మీ వయసుకు సంబంధించిన ముఖ్య విషయం కూడా ఇందులో ఉంది.

పెప్టైడ్ అంటే ఏమిటి?

ప్రోటీన్లు అమైనో ఆమ్లాలతో ఏర్పడతాయని మీరు చదువుకున్నారు. కొద్ది అమైనో ఆమ్లాలు పూసల్లా వరుసగా కలిస్తే అది పెప్టైడ్. మన మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ 10 పూసల పెప్టైడ్ ఒకదాన్ని విడుదల చేస్తుంది. దాని పేరు జి.ఎన్.ఆర్.హెచ్. అది పీయూష గ్రంథిని చేరి ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోన్లను విడుదల చేయిస్తుంది. అవి ముష్కాలను, స్త్రీబీజకోశాలను పనిచేయిస్తాయి. మగపిల్లల గొంతు మారడానికి, ఆడపిల్లలు రజస్వల కావడానికి మొదటి కబురు ఇదే.

దీన్ని వేరుచేయడానికి శాస్త్రవేత్త ఆండ్రూ షాలీ బృందం లక్షకు పైగా పందుల హైపోథాలమస్‌లను సేకరించింది. చివరికి దక్కింది ఒక మిల్లీగ్రాము కూడా లేదు! 1971లో పూసల వరుస తెలిసింది. షాలీకి, ఇదే పనిని గొర్రెల మెదళ్లతో చేసిన రోజర్ గిల్లెమిన్‌కు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది.

కృత్రిమంగా ఎలా తయారుచేస్తారు?

వరుస తెలిశాక జంతువుల మెదళ్లతో పనిలేదు. బ్రూస్ మెరిఫీల్డ్ 1963లో ప్రకటించిన పద్ధతిలో మొదటి అమైనో ఆమ్లాన్ని సన్నని రెజిన్ గుళికకు అంటిస్తారు. తరువాత ఒక్కొక్కటే కలుపుతూ, ప్రతిసారీ మిగులును కడిగేస్తారు. ఈ పద్ధతికి ఆయనకు 1984లో నోబెల్ లభించింది.

ఇక్కడ ఒక లెక్క చేద్దాం. 10 పూసలకు 9 అతుకులు. ప్రతి అతుకూ నూటికి 99 వంతులు సరిగా పడితే చివరికి సుమారు 91 వంతులు సరైన దండలు వస్తాయి. 90 వంతులే పడితే? సుమారు 39 మాత్రమే. మిగతావన్నీ పూస తప్పిన దండలు. వాటితో పరిశోధన చేస్తే ఫలితమే తప్పుతుంది. అందుకే శుద్ధి చేసి, హెచ్.పి.ఎల్.సి., మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్షలు చేస్తారు. 1984లో డాక్టర్ దావులూరి రామ్మోహనరావు స్థాపించిన న్యూలాండ్ లేబొరేటరీస్‌కు బొంతపల్లిలో కర్మాగారం ఉంది. పెప్టైడ్లు ఆ సంస్థ పనుల్లో ఒకటి.

గంట ఎప్పుడు కొట్టాలి?

వరుస ఒక్కటే సరిపోదు, వేళ కూడా కావాలి. సహజ జి.ఎన్.ఆర్.హెచ్. అందని కోతులపై ఎర్నెస్ట్ నోబిల్ బృందం చేసిన ప్రయోగం 1978లో వెలువడింది. కృత్రిమ జి.ఎన్.ఆర్.హెచ్.ను గంటకొకసారి ఆరు నిమిషాలు ఇస్తే ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. తిరిగి వచ్చాయి. ఆపకుండా ఇస్తే పడిపోయాయి. మన హాస్టల్ గంట వేళకు మోగితే పళ్లెం పట్టుకొని పరుగెత్తుతాం. రోజంతా మోగితే ఎవరు పట్టించుకుంటారు?

జి.ఎన్.ఆర్.హెచ్.లో ఆరో పూసను మార్చి, చివరి పూసను తీసేసి, ఎక్కువసేపు పనిచేసే ల్యూప్రోలైడ్ అనే మందు చేశారు. అది హార్మోన్లను మొదట పెంచినా, ఈ సూత్రంతోనే తరువాత అణచివేస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు, మరీ చిన్న వయసులోనే యవ్వన లక్షణాలు వచ్చే పిల్లలకు డాక్టర్లు దాన్ని వాడతారు.

మరి ఆ గంట కొట్టేదెవరు? కిస్‌పెప్టిన్ అనే మరో పెప్టైడ్ ఇందులో ముఖ్యమైనది. దాని గ్రాహకం లోపించినవారికి యవ్వనం రాదని 2003లో రెండు బృందాలు విడివిడిగా కనుగొన్నాయి. కృత్రిమ కిస్‌పెప్టిన్‌ను కణాలకు, ఎలుకలకు ఇచ్చి ఈ కబురు ఎలా సాగుతుందో పరిశోధిస్తున్నారు. తిండి చాలని శరీరంలో ఈ కబురు నెమ్మదిస్తుంది.

మనకు దీనితో ఏం పని?

పదో తరగతిలో నా గొంతు మారలేదు. నన్ను ఆడపేరుతో పిలిచేవారు. ఆ ఏడాది ప్రార్థనలో నేను నోరు విప్పలేదు. నాలో లోపం లేదు, ఆలస్యం మాత్రమేనని ఇంటర్‌లో తెలిసింది. ఆలస్యమయ్యే చాలామంది సంగతి ఇంతే. అయినా 14 ఏళ్లు నిండినా మార్పు మొదలుకాని అబ్బాయి, 13 ఏళ్లకూ ఎదుగుదల కనిపించని అమ్మాయి, 15 ఏళ్లకూ రజస్వల కాని అమ్మాయి డాక్టరుకు చూపించుకోవాలి. ఇందులో సిగ్గుపడవలసింది లేదు.

ఒక హెచ్చరిక. "పరిశోధనకు మాత్రమే" అని రాసిన పెప్టైడ్ సీసాలను ఎవరు అమ్మినా శరీరంలోకి ఎక్కించుకోవద్దు. అవి మనుషుల కోసం పరీక్షించినవి కావు. వేళ తప్పితే ఫలితం తలకిందులవుతుందని పైన చూశాం కదా!

కెమిస్ట్రీ అంటే భయపడకండి. ఆ లెక్క మీరే ఒకసారి చేసి చూడండి. అలాగే మీ గదిలో ఎవరినైనా నన్ను పిలిచినట్లు పిలుస్తుంటే, ఈ రాత్రి నుంచే మానేయండి.

— ఒక పూర్వ విద్యార్థి