వాడిన నీళ్లు ఎక్కడికి పోతాయి?

పారే నీటికి దోషం లేదు అంటారు మన పెద్దవాళ్లు. ఆ మాట ఊరికే పుట్టలేదు. నీటిలో గాలి కలిసి ఉంటుంది. ఆ గాలితో కంటికి కనబడని సూక్ష్మజీవులు బతుకుతాయి. అవి నీటిలోని కుళ్లును తినేస్తాయి. చేపలు బతికేదీ ఆ గాలితోనే.

మరి కుళ్లు ఎక్కువైతే? సూక్ష్మజీవులు కూడా పెరిగిపోతాయి. నీటిలోని గాలినంతా అవే వాడేస్తాయి. చేపలు ఊపిరాడక చచ్చిపోతాయి. నీళ్లు నల్లబడి కంపు కొడతాయి. ఎండాకాలంలో గోదారి సన్నబడుతుంది. ధవళేశ్వరం బ్యారేజి ఎగువన నీళ్లు పారవు, నిలబడతాయి. నిలిచిన నీటికి పెద్దల మాట వర్తించదు.

రాజమండ్రి సంగతి చూద్దాం. 2015 నుంచి దీని పేరు రాజమహేంద్రవరం. జనం నోట మాత్రం ఇంకా రాజమండ్రే. 2011 జనాభా లెక్కల్లో ఇక్కడ 3 లక్షల 40 వేల మందికి పైగా ఉన్నారు. పట్నంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలని ప్రభుత్వం లెక్క. అదంతా మనం తాగుతామా? లేదు. స్నానానికి, బట్టలకు, అంట్లకు, దొడ్డికి వాడతాం. 100 బిందెలు వాడితే సుమారు 80 బిందెలు మురుగై బయటికి పోతాయి.

పలక తీసుకుని లెక్క వేయండి.

3,40,000 × 135 = 4,59,00,000 లీటర్లు.
నూటికి 80 వంతున మురుగు = 3,67,20,000 లీటర్లు.

ఇది ఒక్క రోజు మురుగు! నల్లా చానల్, ఆవ చానల్ ఊరి మురుగును మోసే పెద్ద కాలవలు. శుద్ధి కాని మురుగు చివరికి చేరేది గోదారికే.

1995లో కేంద్ర ప్రభుత్వం జాతీయ నదుల పరిరక్షణ పథకం మొదలుపెట్టింది. దాని కింద హుకుంపేటలో మురుగునీటి శుద్ధి కేంద్రం కట్టారు. రోజుకు 3 కోట్ల లీటర్లు శుద్ధి చేసేలా కట్టారు. పై లెక్కతో పోల్చండి. 67 లక్షల లీటర్లు తేడా వచ్చింది. అదీ 2011 జనాభాకు. కేంద్రం ఎంత పెద్దదైనా, ప్రతి వీధి మురుగూ దాని దాకా చేరితేనే ఉపయోగం.

అక్కడ ఏం చేస్తారు? వరద రోజుల్లో ఎర్రనీళ్లను మనం బిందెలో తేరబెడతాం. చిల్లగింజ అరగదీసి కలుపుతాం, పటిక తిప్పుతాం. కొంత అలాంటి పనే. ముందు ఇనుప చువ్వల అడ్డు ఉంటుంది. గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు అక్కడ ఆగుతాయి. తర్వాత ఇసుక అడుగుకు దిగుతుంది. అసలు పని సూక్ష్మజీవులది. చాలా కేంద్రాల్లో తొట్లలోకి గాలి కొట్టి వాటిని పెంచుతారు. నది చేసే పనినే తొట్టిలో చేయిస్తారన్నమాట. అడుగున చేరిన మడ్డిని తీసి ఎండబెడతారు. చివర క్లోరిన్ కలుపుతారు.

పట్నం మురుగుతో పల్లెకేం పని అనుకోకండి. ధవళేశ్వరం దగ్గర నుంచే తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలవలు బయలుదేరతాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. అందుకే కాలవ నీళ్లు చెరువుకు పెట్టుకుని తాగుతారు. అలాంటి ఒక ఇంట్లో అత్తాకోడళ్ల మాటలు ఇవి.

"నీళ్లు తేటగానే ఉన్నాయి గదా అత్తయ్యా. కాచడం ఎందుకు? పుల్లలు దండగ."

"తేటగా ఉంటే చాలదే అమ్మాయ్. కామెర్ల పురుగు కంటికి కనపడద్దా? పోయినేడు మీ ఆయన నెల రోజులు కూలికి పోలేదు. ఆ నష్టం కన్నా పుల్లల ఖర్చు ఎక్కువా?"

అత్త మాట నిజం. కామెర్లు, టైఫాయిడ్, కలరా నీటి ద్వారా వస్తాయి. నీళ్లు తెర్లేదాకా కాచాలి. లేదా క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగాలి. అయితే కాచి తాగమని చెప్పడం తేలిక. పుల్లలు ఏరుకొచ్చేది ఆడవాళ్లు. పైగా ఫ్యాక్టరీల రసాయనాలు కాచినా పోవు. మురుగును శుద్ధి చేయాల్సింది వదిలే చోటనే. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లోనే వచ్చింది. దాని అమలు చూడటానికి కాలుష్య నియంత్రణ మండలి ఉంది. మున్సిపాలిటీ అయినా, ఫ్యాక్టరీ అయినా దానికి జవాబు చెప్పాలి. ఆ మండలికి మనమూ అర్జీ పెట్టవచ్చు.

మీ ఊరి చెరువుకు నీళ్లు ఏ కాలవ నుంచి వస్తాయి? ఆ కాలవలో పైన ఏ ఊళ్ల మురుగు కలుస్తుంది? పెద్దవాళ్లను అడిగి, ఆ ఊళ్ల పేర్లు వరసగా రాయండి.