పోటీ పరీక్షల ప్రత్యేకం: పిట్టలకూ చోటున్న కలప కాలనీ
డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో, అమాగర్ దీవిపై రూపుదిద్దిన కలప ఇళ్ల ప్రాజెక్టు ఫెలెడ్‌బీ. రూపకర్త హెన్నింగ్ లార్సెన్ ఆర్కిటెక్చర్ సంస్థ. 2020లో ప్రకటించిన ప్రణాళిక ప్రకారం విస్తీర్ణం 18.1 హెక్టార్లు, సుమారు 7,000 మందికి నివాసం. ఇందులో 40 శాతం నేలను కట్టడాలు లేకుండా మొక్కలకూ జీవులకూ వదిలేయాలన్నారు. పాటల పిట్టలకు, గబ్బిలాలకు గూళ్లను గోడల్లోనే అమర్చడం దీని ప్రత్యేకత. ఆ ఆలోచన ముచ్చటైనది.

కలపే ఎందుకు? చెట్టు పెరుగుతూ పీల్చుకున్న కార్బన్ కలపలోనే నిల్వ ఉంటుంది; సిమెంటు తయారీలోనైతే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఎత్తైన కలప భవనాల్లో ఎక్కువగా వాడేది క్రాస్ లామినేటెడ్ టింబర్ (సీఎల్‌టీ): పలకలను ఒక పొర నిలువుగా, మరో పొర అడ్డంగా పేర్చి అతికిస్తారు. లండన్‌లోని 9 అంతస్తుల స్టాట్‌హౌస్ (2009) దీనికి తొలి ప్రసిద్ధ ఉదాహరణ.

అయితే ఫెలెడ్‌బీపై నిరసనలూ వచ్చాయి. ఈ స్థలం ఒకప్పుడు చెత్త పోసిన చోటే అయినా, కాలక్రమంలో పచ్చిక బయలైంది; దానిపై ఇళ్లు కట్టొద్దన్నది నిరసనకారుల వాదన. ఈ అభ్యంతరం బలమైనదే: గోడలో పెట్టిన గూడు పచ్చిక బయలుకు సాటిరాదు. పైగా ఈ స్థలం ఉన్న పచ్చిక ప్రాంతం అమాగర్ ఫెలెడ్‌లో కనిపించే గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ అనే ఉభయచరానికి ఐరోపా సమాజపు 1992 నాటి ఆవాసాల ఆదేశం కింద కఠిన రక్షణ ఉంది.