నేల దాహం

2024 మార్చిలో బెంగళూరు నగరంలో నీటికి కటకట వచ్చింది. అంతకు ముందు ఏడు వానలు సరిగా కురవలేదు. గొట్టపు బావులు ఎన్నో ఎండిపోయాయి. తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి వాడితే 5,000 రూపాయల జరిమానా అని నగర నీటి సరఫరా మండలి ప్రకటించింది. ఆ నీరు దగ్గర దొరికేది కాదు. సుమారు 100 కిలోమీటర్ల దూరాన ఉన్న కావేరి నుంచి పంపులతో పైకెత్తి తెచ్చేది. మరి పచ్చికకు నీరు ఎప్పుడు కావాలో తెలుసుకోవడం ఎట్లా?

రైతు దగ్గర దీనికి పాత ఉపాయమే ఉంది. గుప్పెడు మట్టి తీసి పిడికిట నొక్కుతాడు. ముద్ద కడితే పదును ఉన్నట్టు, పొడిపొడిగా రాలితే లేనట్టు. తోటమాలి గడ్డిమీద అడుగు వేసి చూస్తాడు. తొక్కిన గడ్డి వెంటనే లేచి నిలిస్తే నీరు అక్కరలేదు. పాదముద్ర అలాగే ఉండిపోతే దానికి దాహం వేసిందన్నమాట. చిక్కంతా గడియారంతో నడిచే యంత్రాలతోనే. రోజూ ఉదయం ఆరింటికి అని పెడితే, రాత్రంతా వాన కురిసినా అది ఆరింటికి నీళ్ళు చిమ్ముతూనే ఉంటుంది!

నేల స్థితిని చెప్పే సాధనాల్లో టెన్షియోమీటరు ఒకటి. నీరు నింపి పైన బిగించిన గొట్టం అది. దాని అడుగున కాల్చిన మట్టితో చేసిన చిన్న గిన్నె, పక్కన ముల్లున్న మీటరు ఉంటాయి. నేల ఎండేకొద్దీ గిన్నెలోని సన్నని రంధ్రాల గుండా నీటిని లాగుతుంది. ఆ లాగుడుకు ముల్లు కదులుతుంది. కొలత పేరు సెంటీబారు. బాగా తడిసిన నేలలో ముల్లు సున్న దగ్గర ఉంటుంది. 80 దాటితే గిన్నెలోకి గాలి చొరబడుతుంది, ఇక ఆ కొలత పనికిరాదు.

ఈ సాధనం చెప్పేది నేలలో నీరు ఎంత ఉన్నదని కాదు, నేల దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నదని. నల్లరేగడిలో నీరు చాలా ఉన్నా, కొంతభాగం లోభి ఇంటి ధనంలా వేళ్ళకు అందదు. ఇసుకనేల ఉన్న కొద్దిపాటి నీటినీ సులువుగా ఇచ్చేస్తుంది, అందుకే త్వరగా ఎండుతుంది.

విద్యుత్తుతో పనిచేసే సాధనాలూ ఉన్నాయి. వాటి తీగను గడియారపు యంత్రానికి కలిపితే, తేమ చాలినంత ఉన్న రోజు నీరు వదలదు. కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ రైతుల కోసం తయారుచేసిన సాధనంలో రంగు దీపాలు వెలుగుతాయి. నీలం వెలిగితే తేమ పుష్కలం, ఎరుపు వెలిగితే నీరు తక్షణం కావాలి.

సాధనాన్ని గడ్డివేళ్ళు ఉండే లోతున, అంటే 10 నుంచి 15 సెంటీమీటర్ల అడుగున పాతాలి. చెట్టునీడలోనో, నీరు నిలిచే పల్లంలోనో పాతితే అది ఆ ఒక్కచోటి సంగతే చెబుతుంది. గిన్నె చుట్టూ మట్టి సందు లేకుండా అతుక్కోవాలి. మొదటి కొన్ని రోజులు తోటమాలి పాదముద్రలను, ముల్లును కలిపి చూసుకుని, ఏ అంకె దగ్గర నీరు వదలాలో నిర్ణయించుకుంటాడు.