వినోదవనంలో వాద్యకారులు

సంగీతం సభామందిరాలకే పరిమితమైన కళ కాదు. జనులు విహారార్థం చేరే వినోదవనాల్లోనూ దానికి సముచిత స్థానం ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1955 జూలై 17న డిస్నీలాండ్ ప్రారంభమైంది. వెసీ వాకర్ నాయకత్వంలోని వాద్యబృందాన్ని తొలుత రెండు వారాలకే నియమించారు. ప్రేక్షకాదరణ వల్ల అది స్థిరపడి, కళాకారులకు జీవనోపాధి అయింది.

1971లో కళాశాల విద్యార్థులతో వేసవి వాద్యబృందం ఏర్పడింది. పరీక్షించి ఎంపిక చేసిన యువతీయువకులు అందులో వాయిస్తూ, ప్రసిద్ధ విద్వాంసుల వద్ద మెలకువలు నేర్చుకొంటారు. ఇవిగాక పాఠశాలల బృందాలు సొంత ఖర్చుతో వచ్చి ప్రదర్శనలిస్తాయి. వారికి లభించేది పారితోషికం కాదు, అనుభవం.

ఇక్కడే ఒక ప్రశ్న ఉదయిస్తుంది. ఉచితంగా వాయించేవారుండగా వృత్తికళాకారునికి వేతనమెందుకు? విద్యార్థి ఒకపూట వాయించి సంతోషంగా ఇల్లు చేరతాడు. వృత్తికళాకారుడు మండుటెండలో సైతం, రోజుకు అనేక పర్యాయాలు, అలసట కనబడనీయక అదే నాణ్యతతో వాయించాలి. అయినా అతని స్థానం శాశ్వతం కాదు. 2015లో ఆ పాత బృందాన్ని నవీకరించినప్పుడు, దీర్ఘకాలం సేవలందించిన సభ్యులు సైతం కొత్త బృందంలో చోటుకోసం మళ్లీ పరీక్షకు నిలవవలసి వచ్చింది.

విద్యార్థి ఉత్సాహం, వృత్తికళాకారుని సాధన పరస్పర పూరకాలు. ఒకటి రెండవదానికి ప్రత్యామ్నాయం కారాదు. నేటి కళాకారునికి బతుకుతెరువు లేకుంటే, నేటి విద్యార్థికి రేపటి ఆశ లేదు.