డౌన్‌లోడు నడుమ నేల నిలుచును?

కంప్యూటరులోనికి ఆటను దింపుకొనుచుండగా పని మాటిమాటికి నిలిచిపోవుట అనేకుల కనుభవమే. నిలిచినంతనే విసిగి, దిగిన భాగమును తుడిచివేసి, మరల మొదటినుండి ఆరంభించుట బాలుర యలవాటు. దీనివలన కలుగు నష్టము స్వల్పము కాదు.

పాతబస్తీలోని శాలిబండయందు నివసించు విద్యార్థి యొకడు ఒకే యాటను ఇట్లు మూడుమారు లారంభించెను. ఆ నెలకు గల డేటా పరిమితి తీరిపోయి, ఇంటర్నెట్టు వేగము మిక్కిలి తగ్గెను. మరునాటి పరీక్షకై వానిచెల్లెలు చూడదలచిన వీడియో పాఠములు తెరచుకొనవయ్యెను. ఆటయు రాలేదు, పాఠమును పోయెను. కావున అట్టి సమయమున చేయవలసిన పరీక్షలను క్రమముగా చెప్పెదను.

మొదటిది లెక్క. ఇంటర్నెట్టు వేగమును బిట్లలోను, ఆట పరిమాణమును బైట్లలోను తెలుపుదురు. 8 బిట్లు ఒక బైటు. సెకండునకు 40 మెగాబిట్లనగా 5 మెగాబైట్లు మాత్రమే. 50 గిగాబైట్ల ఆటకు 10,000 సెకండ్లు, అనగా సుమారు 2 గంటల 47 నిమిషములు పట్టును. ఈలోపల కంప్యూటరు నిద్రావస్థకు పోయినచో డౌన్‌లోడు ఆగును. కనుక స్లీపు గడువును పెంచవలెను.

రెండవది డిస్కు. స్టీమ్ వంటి ప్రోగ్రాములు ఆటను కుదించిన ముక్కలుగా తెచ్చి, విప్పి, డిస్కుపై వ్రాయును. డిస్కు మందమైనదైనచో, అది వ్రాయుచుండగా నెట్‌వర్కు వేగము సున్నయని కనబడును. అది నిలుచుట కాదు, ఓపిక పట్టవలెను. డిస్కులో చోటు చాలకున్నను, ఫ్యాట్32 పద్ధతి డ్రైవులో 4 గిగాబైట్లకు మించిన ఫైలును వ్రాయబోయినను పని సాగదు.

మూడవది సెట్టింగులు. మరియొక ఆట ఆడుచుండగా డౌన్‌లోడు ఆగునట్లు స్టీమ్‌లో ముందే యేర్పాటు కలదు, దానిని మార్చుకొనవచ్చును. విండోస్‌లో కనెక్షను మీటర్డ్‌గా నున్నచో కొన్ని ప్రోగ్రాములు డౌన్‌లోడును ఆపివేయును.

నాల్గవది వైఫై. ఆ విద్యార్థి యిల్లు పాతకాలపుది. రౌటరు వీధిగదిలోను, కంప్యూటరు పెరటిగదిలోను ఉండెను. నడుమ రెండు దళసరి రాతిగోడలు. రేడియో తరంగములు అట్టి గోడలను దాటునప్పుడు మిక్కిలి బలహీనపడును. కంప్యూటరును రౌటరు చెంతకు తెచ్చి ల్యాన్ కేబులుతో కలుపగా డౌన్‌లోడు ఒక్కమారైనను నిలువక పూర్తియయ్యెను. అంతవరకు వాడు కనెక్షను ఇచ్చినవారినే నిందించుచుండెను!

ఒకేసారి నాలుగింటిని మార్చినచో దోష మెచటనున్నదో తెలియదు. ఒకదానిని మార్చి, ఫలితము చూచి, పిదప మరియొకదానిని మార్చవలెను. దిగిన ముక్కలు డిస్కులో భద్రముగా నుండును. మరల ఆరంభించినప్పుడు మిగిలినవి మాత్రమే వచ్చును. కావున విద్యార్థులారా, నిలిచినదానిని తుడిచివేయకుడు. ఏల నిలిచెనో విచారింపుడు.